కాన్పు క్లినిక్‌లోనే మనసు వైద్యం: ఐదుకు నాలుగు స్టార్లు

ఈ రివ్యూ డెలివరీ గురించి కాదు. డాక్టరమ్మ హస్తవాసి గురించీ, గదుల శుభ్రత గురించీ రాసినవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు. నేను రాసేది ఆ క్లినిక్‌లో గర్భిణులకీ బాలింతలకీ అక్కడే, అదే రోజు, అదే ఫైల్ మీద నడుస్తున్న మానసిక ఆరోగ్య సేవ గురించి. పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి. పైగా ఇలాంటి ఏర్పాటు ఒక్కచోటే లేదు, కాబట్టి మీరు ఏ క్లినిక్‌లో చేరబోతున్నా అక్కడ ఏం చూడాలో ఏం అడగాలో తెలిస్తే నాకు అదే చాలు.

పోల్చి చూడటానికి నాకు మొదటి కాన్పు ఉంది. అది వేరే చోట అయింది. అక్కడ వైద్యం బాగానే చేశారు, అబద్ధం చెప్పను. కానీ మనసు సంగతి వచ్చేసరికి "అంతా బాగానే ఉందా అమ్మా?" అని అడుగుతూనే డాక్టర్ పేజీ తిప్పేసేవారు, మనం "ఆ, బాగానే ఉంది" అనేలోపే బీపీ రాసేసేవారు. నిద్ర పట్టడం లేదంటే "చంటిపిల్ల ఉన్న ఇంట్లో నిద్రేంటమ్మా" అని నవ్వేశారు. నా బాధ అది కాదు. పిల్ల హాయిగా నిద్రపోతున్నప్పుడు కూడా నాకు కన్ను మూతపడేది కాదు, దాని పొట్ట పైకీ కిందకీ కదులుతోందా లేదా అని చూస్తూ తెల్లవార్లూ కూర్చునేదాన్ని. చివరికి ఒకసారి గట్టిగా ఏడిస్తే చీటీ మీద ఒక సైకియాట్రిస్ట్ నంబర్ రాసిచ్చారు. అది వేరే ఆసుపత్రి, మళ్లీ కొత్తగా పేరు రాయించుకోవాలి, మళ్లీ మొదట్నుంచి అంతా చెప్పుకోవాలి. కుట్లు మానలేదు, రెండు గంటలకోసారి పాలు పట్టాలి, ఇంట్లో "డెలివరీ అయిన కొత్తలో అందరికీ ఉండేదేలే" అంటున్నారు. ఆ పరిస్థితిలో ఎవరు వెళ్తారు? చీటీ ఎటు పోయిందో కూడా తెలీదు. అది రాసిచ్చినవాళ్లు తర్వాత విజిట్‌లో "వెళ్లావా?" అని ఒక్క మాట అడగలేదు, వాళ్ల ఫైల్‌లో ఆ సంగతి రాసి ఉంటేగా అడగడానికి!

రెండోసారి ఈ క్లినిక్‌లో చేరినప్పుడు మొదటి విజిట్‌లోనే తేడా తెలిసింది. రక్త పరీక్షల లిస్టు రాసే నర్సే, షుగర్ ఉందా థైరాయిడ్ ఉందా అని అడిగిన గొంతుతోనే, "ఇంతకుముందు ఎప్పుడైనా డిప్రెషన్, బాగా భయం, మందులు వాడటం లాంటివి ఉన్నాయా? మొదటి కాన్పు తర్వాత ఎలా ఉండేది?" అని అడిగింది. గొంతు తగ్గించలేదు, జాలి చూపించలేదు, అదేదో దాచుకోవాల్సిన విషయం అన్నట్టు కళ్లు దించుకోలేదు. మామూలు ప్రశ్నలా అడిగింది కాబట్టి మామూలుగా చెప్పేశాను. నా మొదటి కాన్పు సంగతి మొత్తం మొదటిసారి ఒక ఫైల్‌లోకి ఎక్కింది అప్పుడే.

తర్వాత ఒక ఫారం ఇస్తారు, పది ప్రశ్నలు. ఎడిన్‌బరో స్కేల్ అంటారు, 1987 నుంచి ఉంది, చాలా దేశాల్లో వాడుతున్నారు. గడిచిన ఏడు రోజుల్లో మీకు ఎలా ఉంది అన్నదే ప్రశ్న: నవ్వగలుగుతున్నారా, తప్పు లేకపోయినా మిమ్మల్ని మీరే తిట్టుకుంటున్నారా, కారణం లేకుండా కంగారు పడుతున్నారా, ఇలా. ఒక్కోదానికి నాలుగు జవాబులు, సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం ముప్ఫై. నాకు నచ్చింది ఏంటంటే నీరసంగా ఉందా, అలసటగా ఉందా అని అందులో ఎక్కడా ఉండదు. ఎందుకంటే పసిపిల్లని పెంచే ఏ తల్లిని అడిగినా అవుననే అంటుంది, దాంతో తేలేది ఏమీ ఉండదు. నిద్ర ప్రశ్న కూడా "దిగులు వల్ల నిద్ర పట్టడం లేదా" అనే ఉంటుంది, బిడ్డ ఏడుపు వల్ల నిద్రలేకపోవడం వేరు కదా. మొదటి కాన్పప్పుడు నన్ను నవ్వి పంపించినవాళ్లకి ఈ ఒక్క ప్రశ్న తెలిసినా బాగుండేది.

ఫారం ఇవ్వడం పెద్ద గొప్పేమీ కాదు, ఇప్పుడు చాలాచోట్ల ఇస్తున్నారు. నింపిన ఫారం ఎవరు చదువుతారు, చదివాక ఏం చేస్తారు అన్నది అసలు సంగతి. అమెరికాలో రోగాల నివారణ గురించి సలహాలిచ్చే టాస్క్‌ఫోర్స్ ఒకటి ఉంది. గర్భిణులూ బాలింతలతో సహా పెద్దవాళ్లందర్నీ డిప్రెషన్ కోసం పరీక్షించమని 2016లో చెప్పినప్పుడు, నిర్ధారించడానికీ చికిత్సకీ మళ్లీ వచ్చి చూపించుకోవడానికీ సరైన ఏర్పాటు ఉండాలని దాంతోపాటే చెప్పింది. నా అనుభవంలో ఆ రెండో సగమే ఎక్కడా కనపడదు. ఇక్కడ కనపడింది, నాలుగు స్టార్లూ దానికే.

ఎలా నడుస్తుందో చెప్తాను. బీపీ, బరువు చూసే చోటే నర్సు ఫారం తీసుకుని మార్కులు కూడుతుంది. ముందు చూసేది పదో ప్రశ్న. తనకి తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అన్న ప్రశ్న అది, దానికి "ఎప్పుడూ లేదు" తప్ప ఇంకే జవాబు పెట్టినా, మొత్తం మార్కులు తక్కువ వచ్చినా, ఆ మనిషిని ఇంటికి పంపరు, ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడాకే పంపుతారు. మొత్తం మార్కులు ఎక్కువ వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందో వెళ్లాకో కౌన్సెలర్ గదికి తీసుకెళ్తారు. ఆ గది స్కానింగ్ గది పక్కనే, తలుపు మీద నంబరు తప్ప బోర్డు ఏమీ లేదు. బయట కూర్చున్నవాళ్లకి మీరు స్కానింగ్‌కి వెళ్తున్నారో దేనికి వెళ్తున్నారో తెలియదు. చిన్న విషయమే అనిపిస్తుంది కానీ ఇది ఆలోచించి పెట్టినవాళ్లకి దండం పెట్టొచ్చు.

కౌన్సెలర్ అంటే సైకియాట్రిస్ట్ కాదు. ముందు ప్రసూతి వార్డులో నర్సుగా చేసి, తర్వాత ఈ పనికి ట్రైనింగ్ తీసుకున్న మనిషి. మొదట్లో నాకూ అనుమానమే, నర్సు ఏం చేస్తుంది అని. ఆవిడతో మాట్లాడాక పోయింది. కుట్ల నొప్పి, రొమ్ము గడ్డకట్టడం, పాలు రాకపోవడం లాంటివి ఆవిడకి విడమరిచి చెప్పాల్సిన పని లేదు, ఆ బాధల్లోంచి దిగులు ఎలా పుడుతుందో ఆవిడ రోజూ చూసిందే. పైగా ఇలాంటి పని డాక్టర్లు మాత్రమే చేయగలరనేది అపోహ. పాకిస్తాన్ పల్లెల్లో లేడీ హెల్త్ వర్కర్లకి ట్రైనింగ్ ఇచ్చి గర్భిణుల డిప్రెషన్‌కి మాటల వైద్యం చేయించారు. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం కాన్పయిన ఆరు నెలలకి వాళ్లు చూసిన తల్లుల్లో 23 శాతం మందికి డిప్రెషన్ మిగిలితే, మామూలు హెల్త్ విజిట్లు మాత్రమే అందినవాళ్లలో 53 శాతం మందికి మిగిలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని 2015లో మాన్యువల్‌గా కూడా తెచ్చింది. కాబట్టి "అంతమంది సైకియాట్రిస్టులు ఎక్కణ్నుంచి వస్తారు" అనే క్లినిక్‌లకి నా జవాబు ఇదే.

నాకు ముందు డిప్రెషన్ ఉండింది కాబట్టి, ఆ రోజు మార్కులు తక్కువే వచ్చినా, గర్భంతో ఉండగానే ముందుజాగ్రత్త సెషన్లలో పెట్టారు. ఇది కూడా వాళ్ల సొంత తెలివేమీ కాదు, అదే టాస్క్‌ఫోర్స్ 2019లో రిస్క్ ఉన్న గర్భిణులకి ముందే కౌన్సెలింగ్ ఇవ్వమని చెప్పింది. నలుగురైదుగురు గర్భిణులు ఒక గదిలో కూర్చుంటాం, అంతే. బిడ్డ పుట్టాక సాయం ఎవరు చేస్తారు, వాళ్లని నోరు తెరిచి ఎలా అడగాలి, ఇంట్లో గొడవైతే ఎలా మాట్లాడాలి, ఇలాంటివే. ఒక అమ్మాయి "మా అత్తయ్యని ఏదైనా అడగాలంటేనే నాకు చెమటలు పడతాయి" అంటే, కౌన్సెలర్ "సరే, నేనే మీ అత్తయ్యని, ఇప్పుడు అడగండి" అని కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఆ అమ్మాయి మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ నవ్వేసింది, నాలుగోసారి అడిగింది. మిగతా సెషన్లలో కొన్ని విసుగ్గానే ఉన్నాయి, ఊపిరి పీల్చి వదలడం గురించి అంతసేపు చెప్పక్కర్లేదు.

డిప్రెషన్ అంటే డెలివరీ తర్వాతే వస్తుందనుకుంటాం. డెలివరీ అయ్యాక పరీక్షిస్తే డిప్రెషన్ ఉన్నట్టు తేలిన తల్లుల్లో దాదాపు మూడో వంతు మందికి అది గర్భంలోనే మొదలైందనీ, ఇంకో పావు వంతు మందికి గర్భానికి ముందు నుంచే ఉందనీ 2013లో అమెరికాలో పదివేల మంది తల్లులతో చేసిన అధ్యయనంలో తేలింది. కాన్పయ్యాక ఆరో వారంలో ఒక్క ఫారం ఇచ్చి చేతులు దులుపుకునే క్లినిక్‌లు గమనించాల్సింది ఇది. ఇక్కడ మొదటి విజిట్‌లో ఒకసారి, ఏడో నెల దాటాక ఒకసారి, డెలివరీ అయ్యాక రెండు మూడు వారాలకి ఒకసారి, ఆ తర్వాత బిడ్డ టీకాలకి వచ్చినప్పుడల్లా ఇస్తారు. టీకాలతో కలపడం అన్నిటికన్నా తెలివైన పని. తన చెకప్ ఎగ్గొట్టే తల్లి కూడా బిడ్డ టీకా ఎగ్గొట్టదు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం కూడా 1, 2, 4, 6 నెలల విజిట్లలో తల్లిని పరీక్షించమనే అంటోంది.

ఇక డెలివరీ అయ్యాక. మొదటి వారం ఊరికే ఏడుపు వచ్చేది. దానికి వాళ్లు కంగారు పడలేదు, నన్నూ కంగారు పెట్టలేదు. కాన్పయిన రెండు మూడు రోజులకి మొదలయ్యే ఈ ఏడుపు సగానికి పైగా తల్లులకి ఉంటుంది, రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది, తగ్గకపోతేనే ఆలోచించాలి అని డిశ్చార్జి రోజే కాగితం మీద రాసిచ్చారు. నాకు తగ్గలేదు. మూడో వారం ఫారంలో మార్కులు పదమూడు దాటాయి, అంటే ఎక్కువ వచ్చినట్టే.

అదే రోజు డాక్టర్ థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు కూడా రాశారు. కాన్పయిన ఏడాదిలోపు కొంతమందికి థైరాయిడ్ వాపు వస్తుంది, ముందు గుండెదడ, కంగారు, తర్వాత నీరసం, దిగులు, చూడటానికి అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది. రక్తహీనత కూడా మనిషిని అలాగే పడేస్తుంది. బయట విడిగా ఉన్న మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే ఈ పరీక్షల కోసం మళ్లీ ఇంకో చోటికి తిరగాలి, ఇక్కడైతే కౌన్సెలర్ గదిలోంచి ల్యాబ్‌కి నాలుగడుగులు. నా థైరాయిడ్ బాగానే ఉంది, రక్తం తక్కువగా ఉంది, రెండిటికీ ఒకేసారి వైద్యం మొదలైంది.

ఇప్పుడు రాయబోయేది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. నాకు అప్పట్లో ఒక ఆలోచన వచ్చేది. బిడ్డని ఎత్తుకుని మెట్లు దిగుతున్నప్పుడు, "ఇప్పుడు చేతులు వదిలేస్తే?" అని. వదలాలని కాదు. ఆ మాట బుర్రలోకి వచ్చినందుకే ఒళ్లంతా చల్లబడిపోయేది, మెట్లు దిగడమే మానేశాను, బిడ్డని అమ్మ చేతికి ఇచ్చి ఏదో ఒక వంక చెప్పేదాన్ని. ఎవరికైనా చెప్తే పిల్లని నా దగ్గర ఉంచరని భయం. కౌన్సెలర్ గదిలో బిడ్డకి పాలు పడుతూ, ఆవిడ మొహం వైపు చూడకుండా, అది బయటపెట్టేశాను. ఆవిడ ఉలిక్కిపడలేదు. ఆ ఆలోచన వచ్చినప్పుడు భయం వేస్తుందా, చేయాలనిపిస్తుందా అని అడిగింది. వింతగా ఏవైనా గొంతులు వినిపిస్తున్నాయా, బిడ్డ మీద ఏవైనా అనుమానాలు, ఎవరో ఏదో చేస్తున్నారన్న నమ్మకం లాంటివి ఉన్నాయా అని అడిగింది. లేవన్నాను. అప్పుడు చెప్పింది: బిడ్డకి ఏదైనా అవుతుందేమో అన్న ఆలోచన దాదాపు ప్రతి కొత్త తల్లికీ వస్తుంది, తానే ఏదైనా చేసేస్తానేమో అన్న ఆలోచన కూడా ఇంచుమించు సగం మందికి వస్తుంది, ఎవరూ బయటికి చెప్పరు కాబట్టి తనకొక్కదానికే అనుకుంటారు, దాన్ని చూసి మీరు భయపడుతున్నారంటే మీ మనసు బిడ్డ వైపే ఉందన్నమాట. ఎవరూ ఎవరికీ ఫోన్ చేయలేదు, బిడ్డని ఎవరూ లాక్కోలేదు. అదే గది కాన్పు క్లినిక్‌లో కాకుండా ఇంకెక్కడో ఉండి ఉంటే, పాలు పడుతూ కూర్చునే చనువు నాకు ఉండేది కాదు, ఆ మాట బయటికి వచ్చేదీ కాదు.

దీనికీ అసలైన ఎమర్జెన్సీకీ తేడా కూడా అప్పుడే చెప్పారు, మావారిని కూర్చోబెట్టి మరీ చెప్పారు. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వచ్చే సైకోసిస్ వేరు. ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది. నిద్రే లేకపోయినా అలసట లేకుండా తిరగడం, పొంతన లేని మాటలు, లేనివి వినిపించడం, ఇంట్లోవాళ్ల మీద గట్టి అనుమానం. ఇవి కనపడితే అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, అదే గంటలో ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలొద్దు అన్నారు. మావారు ఆ కాగితం ఫోన్‌లో ఫోటో తీసుకున్నారు.

మాటలతో కొంత తగ్గింది కానీ సరిపోలేదు, సైకియాట్రిస్ట్‌కి చూపించారు. ఆవిడ క్లినిక్‌కి వారంలో ఒకరోజే వస్తారు, మిగతా రోజుల్లో వీడియో. నా వంతు వీడియోలో పడింది, మధ్యలో రెండుసార్లు బొమ్మ ఆగిపోయింది, నేను ఏడుస్తున్నప్పుడే ఆగింది ఒకసారి, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మందు మాత్రం తేల్చి చెప్పారు. సెర్‌ట్రలిన్ తల్లిపాలలోకి చాలా తక్కువగా వెళ్తుంది, పాలిచ్చే తల్లులకి సాధారణంగా ముందు చూసే మందుల్లో అదొకటి. నా కాన్పు డాక్టరూ పిల్లల డాక్టరూ ఇద్దరూ ఆ ఫైల్‌లోనే ఆ చీటీ చూశారు. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, ఒక డాక్టర్ మందు రాయడం, ఇంకో డాక్టర్ "పాలిస్తూ ఇదెందుకు వేసుకుంటున్నావ్, ఆపెయ్" అనడం, తల్లి మధ్యలో నలిగిపోవడం మా ఇంట్లో ఇంకొకరికి జరిగింది. ముగ్గురూ ఒకే కాగితం చూస్తే ఆ గొడవే ఉండదు. మందు విషయంలో నా మాట పట్టుకుని ఎవరూ ఏమీ మొదలుపెట్టకండి, ఆపకండి, మీ డాక్టర్ చెప్పిందే వినండి.

నన్ను పూర్తిగా వాళ్ల వైపు తిప్పేసింది మాత్రం ఒక ఫోన్ కాల్. ఒకసారి బిడ్డకి జ్వరం వచ్చి అపాయింట్‌మెంట్‌కి వెళ్లలేదు. సాయంత్రానికి ఫోన్ వచ్చింది. రిసెప్షన్ కాదు, కౌన్సెలరే. "మీరు రాలేదు, ఏమీ ఇబ్బంది లేదు కదా? పాపకెలా ఉంది? ఎల్లుండి పాప చెకప్ ఉంది కదా, దాని తర్వాత కూర్చుందామా?" తర్వాత అడిగితే చెప్పింది, వాళ్ల దగ్గర ఒక లిస్టు ఉంటుందట. ఎవరికి మార్కులు ఎంత వచ్చాయి, తగ్గుతున్నాయా పెరుగుతున్నాయా, ఎవరు రావడం మానేశారు అన్నీ అందులో ఉంటాయి, వారానికోసారి సైకియాట్రిస్ట్‌తో కలిసి ఆ లిస్టు మొత్తం చూస్తారు, తగ్గనివాళ్లకి వైద్యం మారుస్తారు. దీన్నే కొలాబరేటివ్ కేర్ అంటారు, ఇరవై ఏళ్లకి పైగా పరీక్షలకు నిలబడిన పద్ధతి. చీటీ రాసిచ్చి మర్చిపోవడానికీ దీనికీ ఉన్న తేడా నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక ఆ ఒక్క స్టార్ ఎందుకు తగ్గిందో.

ఫారం నింపించేది వెయిటింగ్ హాల్లో. ఒకవైపు అత్తయ్య, ఇంకోవైపు మావారు, ఎదురుగా టీవీ. "ఎవరైనా మిమ్మల్ని బాధపెడుతున్నారా" లాంటివి తర్వాత గదిలో ఒంటరిగానే అడుగుతారు, ఒప్పుకుంటాను, కానీ గదిదాకా వెళ్లాలంటే ముందు ఈ ఫారంలో నిజం రాయాలిగా? నా పక్కనే ఒకావిడ పెన్ను పట్టుకుంటే వాళ్లాయనే ప్రశ్నలు చదివి "దీనికి లేదని పెట్టు" అంటూ జవాబులు చెప్పేశాడు. ఆ ఫారంకి విలువ ఏముంది? బరువు చూసేందుకు ఎలాగూ ఒక్కరినే లోపలికి పిలుస్తారు, అక్కడే ఇస్తే పోతుంది. ఈ ముక్క ఫీడ్‌బ్యాక్ డబ్బాలో కూడా రాసి వేశాను, నేను మానేసేవరకు ఏ మార్పూ లేదు.

రెండోది, మెసేజ్‌లు. గది తలుపు మీద బోర్డు పెట్టకుండా అంత జాగ్రత్తపడ్డవాళ్లు, అపాయింట్‌మెంట్ మెసేజ్‌లో మాత్రం "మానసిక ఆరోగ్య విభాగం" అని పెద్దగా పంపుతారు. ఫోన్ ఇంట్లో అందరి చేతుల్లోనూ తిరుగుతుంది. నాకు ఇబ్బంది కాలేదు, మా ఇంట్లో అందరికీ తెలుసు. తెలియని ఇళ్ల సంగతో?

గర్భం నిలవనివాళ్లనీ, బిడ్డని పోగొట్టుకున్నవాళ్లనీ కూడా అదే హాల్లో, నిండు గర్భిణుల మధ్యలో కూర్చోబెడతారు. కౌన్సెలింగ్ వాళ్లకీ ఇస్తారు, మంచిదే, కానీ ఆ గదిలోకి వెళ్లేవరకు అరగంట అక్కడ కూర్చోవడమే ఒక శిక్ష. వెనకవైపు ఇంకో తలుపు ఉంది, దాన్ని ఎందుకు వాడరో నాకు అర్థం కాదు.

తండ్రులకి ఏమీ లేదు. పదిమంది తండ్రుల్లో ఒకరికి ఈ కాలంలో డిప్రెషన్ వస్తుందని లెక్కలున్నాయి, మావారిని ఆ సైకోసిస్ కాగితం చదివించడానికి తప్ప ఇంకెందుకూ పిలవలేదు. నన్ను చూసుకుంటూ, పెద్దదాన్ని చూసుకుంటూ, నిద్రలేక ఆయన ఎలా అయిపోయారో నాకు తెలుసు. కనీసం "మీరెలా ఉన్నారండీ" అని ఒక మాట.

మధ్యలో కౌన్సెలర్ మారిపోయింది. మొదటి ఆవిడ మానేసిందట, ముందుగా చెప్పలేదు, ఒకరోజు వెళ్తే కొత్త మనిషి. కొత్తావిడ కూడా మంచిదే, ఫైల్ చదివి వచ్చింది కాబట్టి మొదట్నుంచి చెప్పాల్సిన పని పడలేదు, కానీ మెట్ల సంగతి విన్న మనిషి వేరు కదా. ఒక్క ఫోన్ చేసి చెప్పి ఉండాల్సింది.

అన్నిటికన్నా పెద్ద లోటు రాత్రులు. ఈ సేవ మొత్తం పగటిపూట, ఆఫీసు వేళల్లో నడుస్తుంది. బాలింతకి కష్టం అనిపించేది తెల్లవారుజామున. ఆ టైమ్‌లో క్లినిక్ నంబర్‌కి చేస్తే లేబర్ రూమ్ నర్సు ఎత్తుతుంది, నొప్పులా, నీళ్లు పోయాయా అని అడుగుతుంది, అవేవీ కాదంటే ఏం చేయాలో పాపం ఆవిడకి తెలియదు. రాత్రి డ్యూటీ నర్సులకి కూడా కాస్త ట్రైనింగ్ ఇచ్చి, ఎప్పుడు ఎవరికి కలపాలో ఒక కాగితం ఫోన్ పక్కన అంటిస్తే దీనికి కొత్త ఉద్యోగం కూడా అక్కర్లేదు.

చేరాలనుకునేవాళ్లు రిసెప్షన్‌లో ఇవి అడగండి: ఫారంలో మార్కులు ఎక్కువొస్తే అదే రోజు ఎవరైనా చూస్తారా, చూసేది ఎవరు, నేను రాకపోతే ఎవరు ఫోన్ చేస్తారు, ఈ సేవ ఆరు వారాలతో ఆగిపోతుందా ఏడాది దాకా ఉంటుందా, కౌన్సెలర్ రాసుకున్నది ఎవరెవరు చదవగలరు. ఇక్కడ ఏడాది దాకా ఉంటుంది. నా డాక్టర్‌కి మార్కులు, మందు, తర్వాత ఏం చేయాలన్నది మాత్రమే కనపడుతుంది, గదిలో మాట్లాడుకున్నది కనపడదు. ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి అయితే చెప్పాల్సిన వాళ్లకి చెప్తామని మొదటి రోజే ఒప్పుకోలు కాగితంలో ఉంది, చదివి సంతకం పెట్టండి.

బైపోలార్ (కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు బాగా దిగులు వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు, ముందు కాన్పులో సైకోసిస్ వచ్చినవాళ్లు ఫారం వచ్చేదాకా ఆగకుండా మొదటి విజిట్‌లోనే చెప్పండి. వాళ్లకి మందుల సంగతి అప్పుడే చూస్తారు, వాల్‌ప్రోయేట్ లాంటివి గర్భంలో బిడ్డకి హాని చేస్తాయి, అలాగని మనంతట మనం టక్కున ఆపేసినా ప్రమాదమే. డెలివరీ తర్వాత మొదటి రెండు వారాలు ఎవరు దగ్గరుండాలి, రాత్రి బిడ్డని ఎవరు చూసుకోవాలి, ఎక్కడ చేర్చాలి అన్నది ముందే రాసి ఫైల్‌లో పెడతారు. నేను ఉన్నప్పుడు ఒకావిడకి అలా రాశారు, వాళ్లమ్మగారికి కూడా ఒక కాపీ ఇచ్చారు.